స్తంభం పాతరాదు, విసరవచ్చును

కొయ్యాన గవరయ్యకి కావలసింది ఒక్కటంటే ఒక్క స్తంభం. నీలాటివలసలో ఆఖరి కరెంటు స్తంభానికీ అతని పిండిమర షెడ్డుకీ మధ్య దూరం నలభై ఒక్క మీటర్లు. శాఖవారి నిబంధన ప్రకారం తీగ ముప్పై మీటర్లకి మించి ఊరికే గాల్లో వేలాడకూడదు. మధ్యలో ఒక స్తంభం పడితే మర తిరుగుతుంది. స్తంభం పడలేదు కనక మర తిరగలేదు. మర తిరగలేదు కనక గవరయ్యే తిరిగాడు, నాలుగేళ్ళపాటు, కరెంటు ఆఫీసు చుట్టూ. తిరిగి తిరిగి, స్తంభం లేకుండానే స్తంభించిపోయాడు.

షెడ్డులో మోటారు గోనెపట్టా కప్పుకుని కూర్చుంది. మొదటి ఏడు అతని భార్య నూకరత్నం దానికి పసుపు రాసి దండ వేసింది. రెండో ఏడు దాని మీద దుప్పట్లు మడతపెట్టింది. మూడో ఏడు దాని పక్కన కోడిపెట్టని పొదగేసింది. పది పిల్లలు దిగాయి. ఆ మోటారు వల్ల ఇప్పటిదాకా జరిగిన ఉత్పత్తి అంతే.

సున్నుండలకి మినప్పిండి ఆడించాలంటే నూకరత్నం డబ్బా చంకనెత్తుకుని, సాక్షాత్తూ మర యజమాని భార్య హోదాలో, తొమ్మిది కిలోమీటర్ల అవతల ఇంకొకడి మరకి బస్సులో వెళ్ళాలి. బస్సులో అందరూ అడిగేది ఒకటే. "మీకు మర ఉన్నాదంట గదేటి?"

"ఉన్నాది. గుడ్లు పెడతన్నాది," అనేది నూకరత్నం.

ఆ మాఘమాసంలో ఆవిడ డబ్బా కింద దించి ఒక మాట చెప్పింది.

"ఉగాది నాటికి మన మర తిరగకపోతే మోటారు ఆ తొమ్మిది కిలోమీటర్ల ఆడికే అమ్మెయ్యి మావా. నిన్న కూడా అడిగినాడు. పెట్టని మాత్రం ఉంచుకుందాం."

గవరయ్య కండువా దులుపుకుని మళ్ళీ ఆఫీసుకి బయల్దేరాడు.

ఆ ఆఫీసుకి అధిపతి ఏఈ వాచస్పతిరావు. శాఖలో ఏఈ అంటే సహాయ ఇంజనీరు. ఊళ్ళో ఏఈ అంటే ఏదీ ఈయడు. ఆయన నోట్లోంచి మాట రావాలంటే అది ముందు ఒకసారి డ్రాఫ్టుగా లోపల తిరిగి, సంతకం పడి, అప్పుడు బయటికి వచ్చేది.

గేటు దాటగానే గవరయ్య నడక ఆగింది. యార్డులో నలభై స్తంభాలు. తుపాను తర్వాత తాత్కాలికంగా వాడడానికి వచ్చిన సరుగుడు కొయ్యలు, ఒక్కోటీ పంతొమ్మిది అడుగులు, నున్నగా చెక్కి, వరసగా పడుకోబెట్టి ఉన్నాయి.

"బాబూ, స్తంభాలు ఒచ్చినట్టున్నాయి," అన్నాడు లోపలికి వెళ్ళి.

"అవి స్తంభాలు కావు," అన్నాడు ఏఈ.

గవరయ్య కిటికీలోంచి మళ్ళీ చూశాడు. పొడుగ్గా ఉన్నాయి, గుండ్రంగా ఉన్నాయి, మొదలు లావుగా కొన సన్నంగా ఉన్నాయి.

"మరేటి బాబూ అవి?"

"క్రీడా సామగ్రి."

ఏఈ సొరుగులోంచి ఒక సర్క్యులర్ తీసి, గొంతు సవరించుకుని చదివాడు. "విషయము: స్కాట్లండు దేశీయ గురుభార వ్యాయామ క్రీడలు, శాఖయందు ప్రవేశపెట్టుట గురించి. ముఖ్య కార్యాలయపు ఉన్నతాధికారివారు ఇటీవలి విదేశ పర్యటనయందు ఒక అద్భుతమును కాంచిరి. అచ్చట బలశాలియగు పురుషుడు ఒక నిలువు స్తంభమును సన్నని కొనవైపు అరచేతులతో ఎత్తి, భుజమునకు ఆనించుకొని, పరుగిడి, ఎగురవేయును. లావు మొదలు ముందుకు వంగి నేలను తాకగా, సన్నని కొన దానిపైగా పిల్లిమొగ్గ వేసి అవతలికి తిన్నగా పడవలెను. పిల్లిమొగ్గ వేయనిచో సున్న. మన దేశమున స్తంభములు అత్యధికముగా గల శాఖ మనదే. కావున ఈ క్రీడ న్యాయముగా మనదై యుండవలసినది. యార్డులలో గల కొయ్య స్తంభములన్నియు ఇందుమూలముగా క్రీడా సామగ్రిగా పరిగణింపబడును. వీటిని పాతరాదు. విసరవచ్చును."

గవరయ్యకి ఆఖరి రెండు ముక్కలే అర్థమయ్యాయి. ఆ రెండు ముక్కలే ముఖ్యం.

"ఎవులు ఇసరొచ్చు బాబూ?"

"నమోదైన ఆరంభకులు. ఇది ఆరంభకుల సంవత్సరం. మా లైన్‌మన్లకి స్తంభాలెత్తిన అనుభవం ఉంది కనుక వాళ్ళు అనర్హులు. ఉగాదికి ముందు పోటీ జరిపి నివేదిక పంపకపోతే నేను సంజాయిషీ ఇచ్చుకోవాలి. నేటివరకు నమోదైన వారి సంఖ్య..." ఆయన రిజిస్టరు తెరిచి, ఖాళీ పేజీని శ్రద్ధగా పరిశీలించి, "నిల్లు," అన్నాడు.

అప్పుడు ఆయన చూపు గవరయ్య భుజాల మీద పడింది. డెబ్బై ఐదు కిలోల ధాన్యం బస్తాల్ని పాతికేళ్ళుగా మోసిన భుజాలు. మర తిరగకపోయినా మెడ తిరగనంత లావుగా ఉన్నాయి.

"కూర్చో గవరయ్యా," అన్నాడు ఏఈ. నాలుగేళ్ళలో ఆ ఆఫీసు కుర్చీ గవరయ్యని తాకడం అదే మొదటిసారి.

"నాను పేరు రాయించుకుంటే నాకో స్తంభం ఇస్తారా బాబూ?"

"తప్పక ఇస్తాం. విసరడానికి."

"ఇసిరినాక?"

"తిరిగి తీసుకుంటాం."

బయటికి వచ్చేసరికి లైన్‌మన్ తాతయ్యలు గోడకి చేరబడి చుట్ట కాల్చుకుంటున్నాడు. ముప్పై ఏళ్ళ సర్వీసు. వరసకి గవరయ్యకి బావమరిది.

"పడుకున్న కొయ్యని చూసి పడిపోకు బావా," అన్నాడు. "మా ఆఫీసులో పడుకున్నదానికి విలువ నేదు. నిలబడ్డదానికే మర్యాద. పడిపోయిన స్తంభాన్ని నిమిషంలో ఎత్తుకొచ్చేస్తాం. నిలబడ్డదాన్ని బెత్తెడు జరపాలంటే పెద్దాఫీసు నుంచి ఆర్డరు రావాల. మూడురోడ్ల కాడ నడిరోడ్డు మీద ఉన్న స్తంభం చూడు. పదకొండేళ్ళయింది ఆర్డరుకి రాసి. బస్సు దాని చుట్టూ తిరిగెళ్తాది. పెళ్ళి ఊరేగింపులైతే ప్రదక్షిణం చేసి బొట్టెట్టి మరీ ఎళ్తాయి."

గవరయ్య ఇంటికొచ్చి ఈ కబుర్లన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. నూకరత్నం మినుములు చెరుగుతూ విన్నది.

"స్తంభానికి గొయ్యి ఎంత లోతు తీస్తారు మావా?"

"ఐదడుగులు. ఎందుకే?"

"ఊరికినే," అని మళ్ళీ చెరగడంలో పడింది. ఊరికే అడిగే మనిషి కాదు.

ఆరంభకుడిగా నమోదు కావడం అంత తేలికగా ఆరంభం కాలేదు. దరఖాస్తుకి ఒక ధ్రువపత్రం జతపరచాలి: దరఖాస్తుదారు ఇంతకుముందు ఎన్నడూ స్తంభం ఎత్తలేదని. గ్రామ కార్యదర్శి ఒప్పుకోలేదు. "నువ్వు ఎత్తలేదని నేనెలా రాస్తాను? నేను చూడలేదని రాస్తాను. చూడనివి చాలా ఉన్నాయి, అన్నీ రాయాల్సొస్తుంది," అన్నాడు. చివరికి పోలీసు స్టేషనుకి వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ హెడ్డు కానిస్టేబులు సానుభూతిగా విన్నాడు.

"స్తంభాలెత్తే వాళ్ళ జాబితా మా దగ్గర ఉంది. నీ పేరు లేదు. కావాలంటే చేరుస్తాం."

"వొద్దు బాబూ. నేదని రాసిస్తే సాలు."

"ఇతడు నేటివరకు ఏ స్తంభమును ఎత్తినట్టు గాని, ఎత్తుకుపోయినట్టు గాని దాఖలాలు లేవు," అని రాసి ముద్ర కొట్టాడు. గవరయ్య ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నాడు. ఏమీ చెయ్యనందుకు అతనికి ప్రభుత్వం నుంచి వచ్చిన మొదటి గుర్తింపు.

సర్క్యులర్‌లో ఇంకో పోటీ కూడా ఉంది. గడ్డిమోపుని పంగలకర్రతో గుచ్చి ఎత్తైన దూలం మీదుగా అవతలికి విసరాలి. నూకరత్నం అది విని తన పేరు కూడా రాయమంది. ఏఈ ఆవిడని నాలుగు ప్రశ్నలడిగి, దరఖాస్తు మీద "ముప్పై సంవత్సరములుగా గడ్డివాము వేయుచున్నది. అనుభవజ్ఞురాలు. తిరస్కరించడమైనది," అని రాశాడు.

"అయితే బాబూ, నాను ఎగరేస్తే పని, ఈయన ఎగరేస్తే ఆటా?" అంది ఆవిడ.

"సరిగ్గా గ్రహించావమ్మా," అన్నాడు ఏఈ, మెచ్చుకోలుగా.

శిక్షణ మొదలైంది. శిక్షకుడిగా అదనపు బాధ్యతలు స్టేషనరీ గుమాస్తా ఫల్గుణరావుకి అప్పగించారు. కారణం సర్క్యులర్‌లోనే ఉంది: "ఆరంభకులు తేలికైన వస్తువులతో మొదలుపెట్టి క్రమక్రమముగా బరువు పెంచవలెను." ఆఫీసులో అన్నిటికన్నా తేలికైన నిలువు వస్తువు పెన్సిల్. పెన్సిళ్ళు ఫల్గుణరావు బీరువాలో ఉంటాయి.

"రెండు అరచేతులూ దొన్నెలా చెయ్యి. సన్నటి కొన కిందికి. మొదలు భుజానికి ఆనించు. నడుం వంచకు, మోకాళ్ళు వంచు," అన్నాడు ఫల్గుణరావు, సర్క్యులర్‌తో పాటు వచ్చిన నియమాల పుస్తకం చూస్తూ.

"సెక్కిన ములుకు అరిసేతిలో గుచ్చుకుంటన్నాది బాబూ."

"క్రీడ అన్నాక నొప్పి ఉంటుంది. పరిగెత్తు."

గవరయ్య పెన్సిల్‌ని భుజానికి ఆనించుకుని ఆఫీసు వరండాలో పరిగెత్తాడు. ముందు ఫల్గుణరావు "తప్పుకోండి, స్తంభం వస్తోంది," అని అరుస్తూ దారి చేశాడు. బిల్లు తప్పొచ్చిందని చెప్పుకోడానికి వచ్చిన జనం గోడకి అతుక్కుపోయి, అంత బరువు మోస్తున్న మనిషిని జాలిగా చూశారు. పెన్సిల్ ఎగిరి, పిల్లిమొగ్గ వేసి, ఏఈ టీ గ్లాసులో తిన్నగా దిగింది.

"నిలబడింది, పడలేదు. సున్న," అని రాసుకున్నాడు ఫల్గుణరావు.

రెండో వారం రూళ్ళకర్ర. మూడో వారం చీపురు. ఊళ్ళో వాళ్ళు ఈ ఆటకి స్కాటాట అని పేరు పెట్టారు. కోలాటంలో కోల చిన్నది, స్కాటాటలో కోల పెద్దది, అంతే తేడా అన్నారు. నాలుగో వారం రోకలి దగ్గరికి వచ్చేసరికి ఫల్గుణరావు సెలవు పెట్టాడు. బొటనవేలు వాచింది.

ఈలోగా దుస్తుల సమస్య వచ్చింది. క్రీడాకారుడు కిల్టు ధరించాలి. "కిల్టు అనగా మోకాళ్ళవరకు వచ్చు, కుచ్చిళ్ళు గల, గళ్ళ వస్త్రము," అని ఏఈ చదివాడు. ఎదురుగా టీ కొట్టు దగ్గర పదహారుమంది గళ్ళ లుంగీలు మోకాళ్ళదాకా ఎగ్గట్టి కూర్చున్నారు.

"అలాటిదేనేటి బాబూ?"

"అది లుంగీ. దానికి కుచ్చిళ్ళేవీ?"

ఇంటికెళ్ళి గవరయ్య లుంగీ నూకరత్నం ముందు పరిచాడు. ఆవిడ చీరకి పెట్టినట్టు పద్నాలుగు కుచ్చిళ్ళు పెట్టి, బొడ్డు దగ్గర దోపి, వెనక్కి జరిగి చూసింది.

"బాగున్నావు మావా. పెళ్ళిలో నాను కూడా ఇంత సిగ్గుపడలేదు."

మర్నాడు మీటరు రీడరు వచ్చి, అంచు మోకాలికి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, మోకాలి రీడింగు తీసుకుని వెళ్ళాడు. ఏనాడూ ఎవరికీ లొంగని గవరయ్య ఆ లుంగీకి లొంగిపోయాడు.

ఇక మిగిలింది మైదానం. స్తంభం దెబ్బతినకుండా నేల మెత్తగా ఉండాలని నియమం. స్కూలు మైదానం రాయిలా ఉంది. ఏఈ తల పట్టుకున్నాడు. నూకరత్నం గుమ్మం దగ్గర నిలబడి, చాలా వినయంగా కొంగు భుజమ్మీంచి తిప్పుకుని అంది:

"మా మరకి ముందర మాదే మడి ఉన్నాది బాబూ. కోతలైపోయి కాళీగా ఉన్నాది. మెత్తదనానికి నాది పూచీ."

ఏఈ ముఖం వికసించింది. "పౌర భాగస్వామ్యం" అని ఫైలు మీద రాసి రెండు గీతలు గీశాడు.

మూడు పొద్దుల పాటు గవరయ్య లేచేసరికి పక్కలో పెళ్ళాం లేదు. మూడో పొద్దున వెళ్ళి చూస్తే మడి మధ్యలో ఆవిడ తల ఒక్కటే కనిపించింది. మిగతా ఆవిడంతా గోతిలో ఉంది.

"ఏటే అది?"

"మెత్తన సేస్తన్నాను."

ఐదడుగుల గొయ్యి. స్తంభం మొదలు పట్టేంత వెడల్పు, పైన జానెడు ఎక్కువ. సరిగ్గా ఆఖరి స్తంభానికీ మరకీ నడిమధ్యన. ఆవిడ పైకొచ్చి, దాన్నిండా పలచటి బురద పోసి, మడంతా నీళ్ళు పెట్టి దమ్ము తొక్కినట్టు తొక్కి, గోతి మీద ఒక గడ్డిపరక పడేసింది.

"ఎనిమిది అంగలు పరిగెట్టు. ఆ గడ్డిపరక మీద దించు. పిల్లిమొగ్గ ఎయ్యనీకు."

"ఎయ్యకపోతే సున్నా ఇస్తారే."

"నీకు మార్కులు కావాలా, మర కావాలా?"

గవరయ్య గోతిని చూశాడు. కొయ్యాన వారి కొయ్యకి అంత చక్కని గొయ్యి ఎవరు తీస్తారు? మొదటిసారి అతనికి ఆ ఆట మీద నిజమైన ఇష్టం కలిగింది. వెంటనే భయం కూడా కలిగింది. నాలుగు వారాలు పెన్సిలూ చీపురూ విసిరినవాడు పంతొమ్మిదడుగుల కొయ్యని జానెడు గురిలో దించాలి. గురి తప్పితే స్తంభం యార్డుకి, మోటారు తొమ్మిది కిలోమీటర్లకి.

పోటీ ఉగాదికి మూడు రోజుల ముందు జరిగింది. స్తంభం పన్నెండు గంటల దిశగా, అంటే విసిరినవాడికి ఎదురుగా, తిన్నగా పడాలని పుస్తకంలో ఉంటే, ఏఈ ఎందుకైనా మంచిదని పోటీని మిట్టమధ్యాహ్నం పన్నెండింటికే పెట్టాడు. ఊరంతా గట్ల మీద గొడుగులేసుకుని కూర్చుంది. పోటీదారు ఒక్కడే కనక మొదటి, రెండవ, మూడవ స్థానాలకి మూడు కుర్చీలు వేసి, ఏఈ ఉపన్యసించాడు.

"నేడు మనం స్తంభాన్ని భూమి అనే సంకెల నుంచి విముక్తం చేస్తున్నాం. పాతిన స్తంభం ఒక్కచోటే ఉంటుంది. విసిరిన స్తంభానికి ఆకాశమే హద్దు."

"తీగలు కూడా ఆకాశంలోనే ఉన్నాయి సారూ. కాస్త సూసుకోవాల," అన్నాడు తాతయ్యలు.

ఏఈ ఆ అభిప్రాయాన్ని నమోదు చేయలేదు.

నలుగురు కలిసి స్తంభాన్ని లావు మొదలు పైకి వచ్చేలా నిలబెట్టారు. గవరయ్య వంగి, అరచేతులు దొన్నె చేసి, సన్నటి కొనని అందులోకి తీసుకున్నాడు. బరువు దిగింది. కుచ్చిళ్ళు అదిరాయి. డెబ్బై ఐదు కిలోల బస్తా అనుకున్నాడు. కానీ బస్తా ఇలా పైకి లేచి అటూ ఇటూ చూడదు. స్తంభం ఎడమకి ఊగితే గట్టు మీద ఎడమవైపు జనం లేచారు. కుడికి ఊగితే వాళ్ళు కూర్చుని కుడివైపు వాళ్ళు లేచారు.

"అంగలు లెక్కెట్టుకో మావా," అంది నూకరత్నం.

ఒకటి. రెండు. బురదలో కాళ్ళు దిగుతున్నాయి. మూడు, నాలుగు. స్తంభం ముందుకి వాలడం మొదలెట్టింది. ఇక గవరయ్య స్తంభాన్ని మోస్తున్నాడో, స్తంభం గవరయ్యని తీసుకెళుతోందో చెప్పడం కష్టం. ఐదు, ఆరు. ఒక కుచ్చిలి ఊడింది. ఏడు. గడ్డిపరక కనిపించింది. ఎనిమిది. నాలుగేళ్ళ దరఖాస్తులన్నీ గుర్తు తెచ్చుకుని, వాటినన్నిటినీ ఒకేసారి పైకి ఎగరేసినట్టు, ఎగరేశాడు.

లావు మొదలు గాల్లో అర్ధచంద్రాకారంగా తిరిగి, కిందికి వచ్చి, గడ్డిపరకతో సహా బురదలోకి గుభుక్కున దిగింది. దిగి, దిగి, ఐదడుగులు దిగి ఆగింది. సన్నటి కొన ఆకాశంలో పిల్లిమొగ్గకి సిద్ధపడి, ముందుకు ఊగి, వెనక్కి ఊగి, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నట్టు నిలబడిపోయింది.

నిటారుగా. ఆఖరి స్తంభానికి ఇరవై మీటర్లు, మరకి ఇరవై ఒకటి.

ఏఈ గడియారం చూసి, పుస్తకం చూసి, స్తంభాన్ని చూశాడు.

"పిల్లిమొగ్గ వెయ్యలేదు. సున్న. తాతయ్యలూ, సామగ్రిని యార్డుకి చేర్చు."

తాతయ్యలు కదల్లేదు. "నిలబడి ఉన్నాది సారూ."

"అయితే?"

"నిలబడ్డ స్తంభాన్ని కదపాలంటే పెద్దాఫీసు ఆర్డరు కావాల."

"అది స్తంభం కాదు, క్రీడా సామగ్రి."

"సామగ్రి అయితే పడి ఉండాల సారూ. ఇది నిలబడ్డాది. నిలబడ్డ కొయ్యని కదిపి, రేపు పెద్దాఫీసు అడిగితే సంజాయిషీ మీరిస్తారా, నన్నిమ్మంటారా?"

ఆ ఒక్క మాటతో వాచస్పతిరావు వాక్కు ఆగిపోయింది. ఆయన అక్కడే మడిగట్టు మీద కూర్చుని శాఖ నిబంధనావళి అటునుంచి ఇటూ ఇటునుంచి అటూ తిరగేశాడు. పాతిన స్తంభం గురించి ఉంది. పడిన స్తంభం గురించి ఉంది. విసిరితే నిలబడిన స్తంభం గురించి ఎక్కడా లేదు. ఉన్నదల్లా ఇదే: నిలబడి యున్న స్తంభమునకు ఇరవై నాలుగు గంటలలో నంబరు వేయవలెను. నంబరు పడి తీగ లేని స్తంభమునకు నెలనెలా సంజాయిషీ పంపవలెను.

నెలనెలా సంజాయిషీ అన్న చోట ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

మర్నాటికి నంబరు పడింది. ఎల్లుండికి తీగ పడింది. ఉగాది ముందురోజు సాయంత్రం తాతయ్యలు స్తంభం దిగి, "వెయ్యి బావా," అన్నాడు. గవరయ్య స్విచ్చి వేశాడు. మోటారు దగ్గి, కోడి ఈకలు రెండు గాల్లోకి ఊది, నాలుగేళ్ళ నిద్ర వదిలించుకుని తిరిగింది. పెట్ట ఎంత కోపంగా బయటికి నడిచిందంటే, దానికీ ఒక దరఖాస్తు పెట్టుకునే హక్కు ఉన్నట్టు కనిపించింది.

గవరయ్య చేతిలో ఆఫీసువారిచ్చిన ప్రశంసాపత్రం ఉంది. అందులో ప్రశంస లేదు. "పాల్గొనెను. ఫలితము: సున్న," అని ఉంది.

"ఊరందరి ముందర సున్నా వొచ్చింది రత్నం," అన్నాడు కాస్త దిగులుగా. ఎంతైనా నాలుగు వారాలు పెన్సిలూ చీపురూ మోసినవాడు.

"సున్నాయే గదా మావా, సున్నుండలు సుడదాం," అని ఆవిడ డబ్బాలో మినుములన్నీ మరలో కుమ్మరించింది.

ఏఈ నివేదిక పంపాడు. ఉన్నదున్నట్టు రాస్తే సంజాయిషీ వస్తుంది కనక, "క్రీడా విధానమున స్తంభము నిలబెట్టబడినది, క్రేను అవసరపడలేదు," అని మాత్రం రాశాడు. ముఖ్య కార్యాలయం పొంగిపోయింది. పదిహేను రోజుల్లో కొత్త సర్క్యులర్ దిగింది: ఇకపై శాఖయందలి స్తంభములన్నియు స్కాట్లండు పద్ధతిలోనే నిలబెట్టవలెను. క్రేనులు వెనక్కి పిలిపించడమైనది. ఆరంభకులకు ప్రాధాన్యము. కొయ్యాన గవరయ్య ఇకపై అనుభవజ్ఞుడు, కావున అనర్హుడు.

ఆ వారంలోనే ఒక ఉదయం పిండిమర ముందు ముప్పై తొమ్మిదిమంది నిలబడ్డారు. ఒకడికి బోరుకి స్తంభం కావాలి, ఒకడికి కోళ్ళ షెడ్డుకి, ఒకామెకి అత్తగారి గదిలో ఫ్యానుకి. అందరి చేతుల్లో పోలీసు ధ్రువపత్రాలు. అందరి నడుములకీ కుచ్చిళ్ళ లుంగీలు. కొందరు ముందుజాగ్రత్తగా పెన్సిళ్ళు కూడా చెక్కించుకుని తెచ్చారు.

"గవరయ్య బావా, ఈ ఆట కొత్తగా నేర్సుకునేవోడు ఎక్కడ మొదలెట్టాల?" అని అడిగాడు ముందున్నవాడు.

గవరయ్య అరచేతులు దొన్నెలా చేసి చూపించబోయాడు. నూకరత్నం అతన్ని పక్కకి జరిపి, పిండి చేతులు దులుపుకుని, షెడ్డు మూలనున్న గునపం తీసి ముందున్నవాడి చేతిలో పెట్టింది.

"ఇక్కడ."